నడక మారిన పాట: ‘దట్ థింగ్ యూ డూ!’

నమస్కారం. ఈ రోజు మనం 1996లో విడుదలైన ‘దట్ థింగ్ యూ డూ!’ అనే హాస్య సంగీత చిత్రం గురించి మాట్లాడుకుందాం. నటుడు టామ్ హాంక్స్ స్వయంగా రాసి, దర్శకుడిగా తీసిన తొలి చలనచిత్రం ఇది. కథ 1964లో, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఈరీ అనే పట్టణంలో మొదలవుతుంది. బీటిల్స్ పాటలు ఆ దేశాన్ని ఊపేసిన సంవత్సరం అది.

కళాశాల పోటీకి సిద్ధమవుతున్న ఒక చిన్న బృందంలో డ్రమ్మర్ చెయ్యి విరుగుతుంది. అతని బదులు వాయించడానికి గై ప్యాటర్సన్ ఒప్పుకుంటాడు. తండ్రి నడిపే గృహోపకరణాల దుకాణంలో పని చేస్తూ, కొట్టు మూసిన తరువాత జాజ్ రికార్డులు పెట్టుకుని వాటితో పాటు డ్రమ్స్ వాయించుకునే కుర్రవాడు అతను.

ఆ బృందం కోసం దాని గాయకుడు జిమ్మీ రాసిన ‘దట్ థింగ్ యూ డూ!’ నెమ్మదిగా సాగే విరహగీతం. పోటీ వేదిక మీద గై దానిని ఒక్కసారిగా ద్రుతంలో అందుకుంటాడు. జిమ్మీ వేగం తగ్గించమని వారిస్తున్నా అతను తగ్గించడు. అంతలోనే విద్యార్థులు లేచి నాట్యం మొదలుపెడతారు. పాటలో మాట మారలేదు, బాణీ మారలేదు, నడక ఒక్కటే మారింది. బాణీ విని, దాని నడకకు తగిన మాటలు కూర్చడం మన తెలుగు సినిమా పాటకు బాగా అలవాటైన పద్ధతి కనుక, లయ మారినప్పుడు అదే మాటకు వేరే ప్రాణం రావడం మనకు కొత్త సంగతి కాదు. అయినా ఆ క్షణాన్ని ఇంత స్పష్టంగా, ఇంత ఉల్లాసంగా చూపించిన చిత్రాన్ని నేను మరొకటి చూడలేదు.

ఆ తరువాత రికార్డుగా వచ్చిన తమ పాటను రేడియోలో మొదటిసారి విన్న జిమ్మీ ప్రియురాలు ఫే వీధి వెంట కేకలు వేస్తూ పరుగెత్తడం, అందరూ దుకాణంలో చేరి అక్కడున్న రేడియోలన్నీ పెట్టి గంతులు వేయడం ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

జిమ్మీ విషయంలో నేను చాలామంది ప్రేక్షకులతో ఏకీభవించను. ఫే పట్ల అతను ప్రవర్తించిన తీరు నిజంగా తప్పే. కానీ ఒక పాట విజయవంతం కాగానే రికార్డు కంపెనీ తన దగ్గరున్న ఇతరుల పాటలు పాడమన్నప్పుడు, నా పాటలే రికార్డు చేస్తానని అతను పట్టుబట్టడంలో తప్పేమీ లేదు. పాట రాసేవాడు అడగవలసినదే అతను అడిగాడు.

తెర వెనుక ఈ పాటను నిజంగా రాసినవారు ఆడమ్ ష్లెసింజర్. 1964 నాటిదని వినగానే నమ్మించాలి, చిత్రంలో పదేపదే వినిపించినా విసుగు పుట్టించకూడదు: ఈ రెండు షరతులకూ నిలిచిన పాటకు ఆస్కార్ నామినేషన్ లభించింది. 2020 ఏప్రిల్‌లో, 52 ఏళ్ల వయసులో, ఆయన కొవిడ్‌తో మరణించారు.

టెలివిజన్ కార్యక్రమంలో బృందం ఆ పాట పాడే ఘట్టాన్ని ఈసారి జాగ్రత్తగా చూడండి. అప్పటికే బేస్ గిటార్ వాయించే కుర్రవాడు వెళ్లిపోయాడు, అతని స్థానంలో మరొకరు నిలబడ్డారు. మిగిలినవారి మధ్య కూడా పొత్తు సడలిపోతున్నది. అయినా గై అదే ఊపుతో డ్రమ్స్ మీద పాటను ఎత్తుకుంటాడు, జిమ్మీ ఒకప్పుడు తాను వద్దన్న వేగంలోనే దానిని పాడతాడు.