గోదావరి వరద హెచ్చరికలతో టెస్టింగ్, బిల్డ్ టూల్స్: మొదటి పాఠం

(తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ. నీటిమట్టం చూపించే గేజి, దగ్గరగా.)

ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల వాళ్లకి ఈ అంకెలు నోటికొచ్చు. హెచ్చరిక నంబరు మారిందంటే ఇంట్లో పనులు మారిపోతాయి మరి. గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాలి, ధాన్యం బస్తాలు పైకెత్తాలి.

ఈ మూడు అంకెలు పట్టుకునే ఇవాళ టెస్టింగ్ టూల్స్ (ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించేవి), బిల్డ్ టూల్స్ (మన ఫైళ్ల నుంచి కావాల్సింది తయారుచేసి పెట్టేవి) సంగతి చూద్దామండి. అన్నీ ఓపెన్ సోర్సే, పైసా కట్టక్కర్లేదు.

అమలాపురం నుంచి భీమవరం దాకా ఇంజినీరింగ్ పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "సెలీనియం నేర్చుకోమంటారా, జెన్‌కిన్స్ నేర్చుకోమంటారా? మేవెన్ రాకపోతే ఉద్యోగం రాదంట కదా?" పేర్ల జాబితా పెట్టుకుని మొదలుపెడితే అమీర్‌పేటలో ఫీజు కట్టి రావడమే మిగులుతుంది. నేను చెప్పేది వేరు. ముందు పది లైన్ల ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకోండి. దానితో ఎక్కడ చిరాకు మొదలైతే అక్కడికి సరిపడా టూల్ తెచ్చుకోండి.

(తెర మీద: ఎడిటర్. పైథాన్ ఫంక్షన్ టైపు అవుతూ ఉంటుంది.)

ఇదిగో ఫంక్షన్. నీటిమట్టం అడుగుల్లో ఇస్తే హెచ్చరిక నంబరు చెబుతుంది. ఏ హెచ్చరికా లేకపోతే సున్నా. ఫంక్షన్‌కి 'హెచ్చరిక' అని తెలుగులోనే పేరు పెట్టాను చూడండి. పైథాన్ 3 దీన్ని ఒప్పుకుంటుంది, ఆఫీసులో మీ టీమ్ లీడ్ ఒప్పుకుంటారని మాత్రం నేను హామీ ఇవ్వను.

12 ఇచ్చి నడిపితే 1 వచ్చింది. 18 ఇస్తే 3. ఇక్కడికొచ్చాక చాలామంది "పనిచేస్తోంది" అనేసి ల్యాప్‌టాప్ మూసేస్తారు. సరిగ్గా 11.75 ఇచ్చి చూశారా మరి?

(తెర మీద: టెర్మినల్. పైటెస్ట్ నడుస్తుంది, ఎర్ర రంగులో ఒక వరుస.)

పైటెస్ట్ అనే టూల్ వేసుకున్నాను. పక్కన ఇంకో ఫైలు పెట్టి దాని పేరు 'టెస్ట్' అండర్‌స్కోర్‌తో మొదలయ్యేట్టు చూసుకున్నాను. లోపలి ఫంక్షన్ పేరు కూడా 'టెస్ట్'తోనే మొదలవ్వాలి, లేకపోతే పైటెస్ట్ దాన్ని పట్టించుకోదు. లోపల ఉన్నది ఒక్కటే లైను: 11.75 ఇస్తే 1 రావాలి అని ఒక అసర్ట్, అంటే 'ఇది నిజం కాకపోతే ఫెయిల్ చెయ్' అనే లైను.

ఫెయిలైంది. ఈ ఎర్ర అక్షరాల్ని చూసి కంగారు పడకండి, నిదానంగా చదవండి. "వచ్చింది సున్నా, రావాల్సింది ఒకటి" అని విడమరిచి చెబుతోంది. కారణం ఏంటంటే, కోడ్‌లో మీకోసం కావాలనే '11.75 కంటే ఎక్కువైతే' అని రాశాను. అక్కడ 'ఎక్కువైనా, సమానమైనా' అని ఉండాలి. తేడా ఒక్క గుర్తే. కానీ ఆ గుర్తు లేకపోతే నీళ్లు సరిగ్గా గీత మీదున్న గంటలో మన ప్రోగ్రాం నోరెత్తదు.

అందుకే టెస్టులు రాసేటప్పుడు అంచుల దగ్గర కాపు కాయాలి. గీతకి కాస్త కింద, గీత మీద, కాస్త పైన: 11.74, 11.75, 11.76. మిగతా రెండు హెచ్చరికలకీ అంతే. తొమ్మిది ఫంక్షన్లు రాయక్కర్లేదు. పైటెస్ట్‌లో పారామెట్రైజ్ అని ఉంటుంది, మట్టం, రావాల్సిన జవాబు జంటలుగా పట్టిక ఇస్తే చాలు, ఒక్కో జంటనీ ఒక్కో టెస్టుగా లెక్కేస్తుంది. ఏదైనా ఫెయిలైతే సరిచేసి, 'లాస్ట్ ఫెయిల్డ్' ఆప్షన్ ఇవ్వండి. ఫెయిలైన వాటినే మళ్లీ నడుపుతుంది.

ఒక హెచ్చరిక నా వైపు నుంచి కూడా. ఎవరో మట్టాన్ని అడుగుల్లో కాకుండా మీటర్లలో పంపించారనుకోండి. 11.75 అడుగులంటే దాదాపు 3.58 మీటర్లు. మన ఫంక్షన్ 3.58 చూసి "ఏం భయం లేదు, సున్నా" అంటుంది. తొమ్మిది టెస్టులూ పచ్చగానే ఉంటాయి! మీకు తట్టని తప్పుని ఏ టూలూ పట్టదు.

(తెర మీద: రెండు ఫైళ్లు, వాటి నుంచి నివేదికకి బాణాలు.)

ఇప్పుడు బిల్డ్. రోజువారీ మట్టాల ఫైలు ఒకటుంది, ప్రోగ్రాం ఒకటుంది, రెండూ కలిస్తే ఒక నివేదిక తయారవ్వాలి. మట్టాల ఫైలు మారితే నివేదిక మళ్లీ రావాలి, మారకపోతే ఊరికే నడపడం దండగ. ఈ బాధ కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనా సంస్థలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అనే టూల్ రాసింది ఇలాంటి దానికే. మేక్ చేసేది తేలిక పని: ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో మనం రాసిస్తాం, అది ఫైళ్లు మారిన సమయాలు పోల్చుకుంటుంది. నివేదిక కంటే మట్టాల ఫైలు కొత్తదైతే మళ్లీ తయారుచేస్తుంది, లేకపోతే "అప్ టు డేట్" అని ఊరుకుంటుంది.

మేక్‌ఫైల్‌లో కమాండ్ లైను ముందు ట్యాబ్ నొక్కాలి. స్పేసులు కొడితే "మిస్సింగ్ సెపరేటర్" అని ఆగిపోతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లకి దీనితో పూట గడిచిపోతుంది. ఫెల్డ్‌మనే తర్వాత ఒప్పుకున్నారు: మార్చుదామనుకునేసరికి ఓ డజను మంది వాడేస్తున్నారట, వాళ్లని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశారట. ఆ మొహమాటానికి ప్రపంచమంతా ఇప్పటికీ ట్యాబ్ నొక్కుతోంది.

జావా వైపు వెళ్తే మేక్ చోట మేవెన్, పైటెస్ట్ చోట జేయూనిట్. జేయూనిట్‌ని 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి విమానంలో కూర్చుని మొదలుపెట్టారు. అసలు ఆలోచన అంత చిన్నది, ఇప్పుడు మీరు చేసిందే. మేవెన్ మాత్రం కావాల్సిన లైబ్రరీలన్నీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది. మొదటిసారి నడిపినప్పుడు చాలా దిగుతాయి, ఫోన్ హాట్‌స్పాట్ మీదున్నవాళ్లు జాగ్రత్త. కాలేజీ వైఫైలో ఒకసారి నడిపేసుకుని ఇంటికెళ్లండి. దిగినవి హోమ్ ఫోల్డర్‌లో 'డాట్ ఎం2' అనే చోట ఉంటాయి. ఆ తర్వాత 'మైనస్ ఓ' ఆప్షన్ పెట్టి నడిపితే నెట్ లేకుండానే పనైపోతుంది.

జెన్‌కిన్స్? మీరు కోడ్ పంపిన ప్రతిసారీ ఈ టెస్టులన్నీ ఇంకో కంప్యూటర్ మీద నడిపి ఫలితం చెబుతుంది. సెలీనియం బ్రౌజర్‌ని మనిషిలా నొక్కి చూస్తుంది. నడపడానికి టెస్టులే లేనప్పుడు జెన్‌కిన్స్ ఏం చేస్తుంది చెప్పండి? వీటిని తర్వాత చూద్దాం.

(తెర మీద: ఖాళీ పట్టిక, భద్రాచలం అని శీర్షిక.)

ఇప్పుడు మీ పని. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. అదే ఫంక్షన్ రెండు ఊళ్లకీ పనిచేసేట్టు మార్చండి, అంకెల్ని ఫంక్షన్ లోపల కాకుండా బయట పెట్టండి. ముందు ధవళేశ్వరం టెస్టులు నడపండి, పాతవి చెడకూడదు. తర్వాత భద్రాచలానికి ఒక్కో గీత దగ్గర మూడేసి మట్టాలు రాయండి. పాసైన ఒక్కో టెస్టుకీ పైటెస్ట్ ఒక చుక్క పెడుతుంది, మొత్తం పద్దెనిమిది చుక్కలు పచ్చగా రావాలి. ఒక్కటి ఎర్రబడినా, ఏ మట్టం దగ్గర ఎర్రబడిందో కామెంట్లో రాయండి.