ముందు లోపలివాళ్ళు

అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంట్ల వాళ్ళూ, ఆటో స్టాండు తమ్ముళ్ళూ ఒకే సభలో కూర్చోవడం మన కాలనీలో అరుదు. సెంటర్‌లో సిగ్నల్ పెట్టించాలా, రౌండ్‌అబౌట్ బాగుచేయించాలా అన్న గొడవే మనల్ని కలిపింది. నేను ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మైకు ఇస్తే గంట కొడితే గానీ ఆపను, ముందే చెబుతున్నా.

మన సెంటర్‌లో గుండ్రటి దిమ్మె ఉంది, దాని మీద విగ్రహం ఉంది. అంతమాత్రాన అది రౌండ్‌అబౌట్ అయిపోదు, బళ్ళన్నీ దాని చుట్టూ ఒకే దిక్కున తిరిగితేనే అవుతుంది. నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. స్టేషన్ వైపు నుంచి వచ్చి కుడికి, మార్కెట్ రోడ్డులోకి పోవాల్సిన బండి దిమ్మె చుట్టూ ముప్పావు చుట్టు తిరగాలి. మనవాళ్ళు ఎదురొచ్చే బళ్ళ మీదుగా పావు చుట్టుతో సరిపెడుతున్నారు. ఈలోగా ఒక బస్సు సగం తిరిగింది. ఎడమ నుంచి ఆటోలు దాని ముందు దూరాయి, వాటి వెనకే బైకులు. బస్సు ఆగింది. దాని వెనక వ్యాన్ ఆగింది. వ్యాన్ తోక పక్క రోడ్డు మూతికి అడ్డం పడింది. రెండు నిమిషాల్లో నాలుగు రోడ్లూ బిగుసుకుపోయాయి. అందరూ హారన్ కొట్టేవాళ్ళే, తప్పు మాత్రం ఎవరిదీ కాదు!

ఇది మన ఒక్కళ్ళ జబ్బనుకోకండి. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు రౌండ్‌అబౌట్లు ఇలాగే బిగుసుకునేవి. 1966 నవంబరులో అక్కడ ఒక నియమం తెచ్చారు: చుట్టులో తిరుగుతున్న బండికే దారి, బయటివాడు ఆగాలి. దాని వెనక ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు కృషి చాలా ఉంది. కిటుకు చిన్నదే. లోపలున్నవాళ్ళు ముందు బయటపడితేనే కొత్తవాళ్ళకు చోటు దొరుకుతుంది.

మనకిది కొత్తేం కాదు. గుళ్ళో ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు. తిరుగుతున్న వరసకు అడ్డం పడం, సందు చూసుకుని కలుస్తాం. మన రోడ్డు మీదా అంతే, దిమ్మె కుడివైపు ఉండాలి. అమెరికాలో బండి కుడిపక్కన నడుపుతారు కాబట్టి అక్కడ అప్రదక్షిణం. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు స్టీరింగ్ పట్టేవాళ్ళు ఎడమ వైపు చూడాలని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మాత్రం వేగం తగ్గించి కుడివైపు చూడండి. ఖాళీ ఉంటే ఆగక్కర్లేదు. ఒకసారి లోపలికి వెళ్ళాక మధ్యలో ఆగి ఎవరికీ మర్యాద చేయకండి, వెనకవాడు గుద్దుతాడు. మీ రోడ్డు వస్తుందనగా ఎడమ ఇండికేటర్ వేయండి. అది చూసే బయట ఉన్నవాడు కదులుతాడు. బస్సు, లారీ పక్కన దూరొద్దు. తిరిగేటప్పుడు వాటి వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. అంబులెన్స్ మోత వినబడితే చుట్టులో ఆగిపోకుండా, బయటికొచ్చి పక్కకు తీయండి. నడిచేవాళ్ళు దిమ్మె మీదకు రావద్దు. రోడ్డు మూతి దగ్గరే, నడుమ చిన్న దిమ్మె కట్టిస్తే, సగం దాటి అక్కడ ఊపిరి పీల్చుకుని మిగతా సగం దాటొచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటారా? నాలుగు రోడ్ల కూడలిలో బళ్ళు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 ఉంటాయి. ఒకే వరస రౌండ్‌అబౌట్‌లో 8. ఎదురెదురుగా గుద్దుకోవడం, అడ్డంగా వచ్చి డొక్కలో పొడవడం దాదాపు ఉండవు. తగిలినా 25, 30 కిలోమీటర్ల వేగంలో పక్కలు రాసుకుంటాయి. బంపరు పోతుంది, మనిషి మిగులుతాడు. అమెరికాలో 24 కూడళ్ళను ఇలా మార్చాక, 2001లో వచ్చిన అధ్యయనంలో గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయి. అక్కడే ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ ఊళ్ళో ఇప్పుడు 150కి పైగా రౌండ్‌అబౌట్లు ఉన్నాయి. కరెంటు పోయినా ఇది పనిచేస్తుంది, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద ఎర్రలైటు ముందు పెట్రోలు కాల్చుకోనక్కర్లేదు.

అన్నిచోట్లా పనికిరాదు. ఒకే రోడ్డు మీద విపరీతమైన రద్దీ ఉంటే మిగతా మూడు రోడ్ల వాళ్ళకు సందు దొరకదు, అక్కడ సిగ్నలే నయం. మనకు ఆ బాధ లేదు. మనకున్న బాధ ఫ్లెక్సీలు. స్టేషన్ రోడ్డు మూతి దగ్గర కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ వల్ల కుడివైపు నుంచి ఎవరొస్తున్నారో కనబడదు. కట్టినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారేమో, శనివారంలోగా విప్పేయండి నాయనా.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి సెంటర్‌లో సున్నంతో గీతలు గీసి, ఇసుక బస్తాలతో ఆ నడిమి దిమ్మెలు పేర్చి చూద్దాం. పోలీసు వాళ్ళు గంటసేపు ఒప్పుకున్నారు. ఆటో తమ్ముళ్ళూ, మీరు ఖాళీ బళ్ళతో రండి. మొదటి చుట్టు మీదే.