మడ అడవిలో బంతి భోజనం

మా బావ హనుమకొండ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని కాకినాడలో దిగాడు. తెల్లవారకముందే కోరంగి మడ అడవిలో పాయ ఒడ్డుకు చేరుకుని, మూడు గంటలు బైనాక్యులర్లు పట్టుకుని నిలబడ్డాడు. కనిపించింది ఒక్క లకుముకి పిట్ట. ‘అక్కడ పక్షులే లేవు’ అని ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతుంటాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పక్షులు చూడాలంటే మన వరంగల్ దగ్గరి పాకాల చెరువుకైతే తెల్లవారుజామునే వెళ్లాలి. అక్కడ సూర్యుడి లెక్క. కోరంగిలో చంద్రుడి లెక్క. ఏటూరునాగారం దగ్గర మనం చూసే ఈ గోదావరే సముద్రంలో కలిసే చోట, రోజుకు రెండుసార్లు నీరు పోటెత్తి, రెండుసార్లు తీస్తుంది.

పెళ్లి ప్రస్తావన వచ్చింది కాబట్టి బంతి భోజనమే తీసుకోండి. నీరు తీసినప్పుడు బయటపడే బురద మేటే విస్తరి. అందులో వంటకాలు పురుగులు, పీతలు, నత్తలు. అతిథులు ఒడ్డున మేసే పక్షులు. పోటు మీద ఉన్నప్పుడు విస్తరి నీటి కింద ఉంటుంది, వంటశాల మూసేసినట్టే. మా బావ వెళ్లింది సరిగ్గా అప్పుడే!

ఈ బంతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పక్కపక్కనే కూర్చున్నా ఒకరి వంటకం మీద మరొకరు చెయ్యి వేయరు. కర్లూ పిట్టకు కిందికి వంగిన పొడవాటి ముక్కు, అది లోతు బొరియల్లోని పీతలను లాగుతుంది. ఉల్లంకి పిట్టలు ముక్కు కొసతోనే బురదలోని కదలికను పసిగడతాయి, కళ్లతో పని లేదు. ప్లోవర్ అనే పిట్ట ముక్కు పొట్టిది. అది పరుగెత్తి, ఆగి, కంటికి కనిపించినదాన్ని చటుక్కున పొడుస్తుంది. వడ్డించేవరకు ఆగలేని చుట్టం ఒకడు ఉంటాడే, అచ్చం వాడే.

అలాగని నీరు పూర్తిగా తీసిన వేళ వెళ్లినా పొరపాటే. విస్తరి మరీ పెద్దదై పక్షులు దూరంగా చెదిరిపోతాయి, చుక్కల్లా కనిపిస్తాయి. పోటు తిరిగి ఎక్కుతుండగా చూడాలి. బురద కుంచించుకుపోతుంటే అతిథులంతా మీ వైపే జరుగుతూ వస్తారు. పోటు నిండాక ఎత్తైన ఇసుక దిబ్బల మీద చేరి, తాంబూలం వేసుకున్న పెద్దమనుషుల్లా కునుకు తీస్తారు. ఫొటో కోసం వాటిని లేపకండి. వాటిలో కొన్ని ఉత్తర ధ్రువ ప్రాంతాల దాకా ఎగరాల్సినవి, ప్రతి చుక్క కొవ్వూ లెక్కే.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. వలస పక్షుల కోసం నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు ఎక్కువ ఎత్తుకు లేస్తుంది, తీసినప్పుడు బురద ఎక్కువ బయటపడుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి సమయం ఇవాళ పనికిరాదు. కాకినాడ రేవు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. లోపలి పాయల్లోకి నీరు ఇంకాస్త ఆలస్యంగా చేరుతుంది, ఎంత ఆలస్యమో పడవ నడిపేవాళ్లను అడగండి.