క్రిస్మస్ తాత చేతిలో ఏముందో చూశారా?

[తెర మీద: 1863 జనవరి 3 నాటి అమెరికా వారపత్రిక ‘హార్పర్స్ వీక్లీ’ ముఖచిత్రం. ఐదు సెకన్లు నిశ్శబ్దం.]

ముందు ఈ బొమ్మను ఊరికే చూడండి. నేను కాసేపు మాట్లాడను.

చూశారా? జింకలు పూన్చిన బండి, గుబురు గడ్డం, చుట్టూ సైనికులు. క్రిస్మస్ తాత బహుమతులు పంచుతున్నాడు. పండగ సంచికకు పండగ బొమ్మ వేశారు, అంతే కదా అనుకుంటాం. మొదటిసారి నేనూ అలాగే అనుకుని పేజీ తిప్పేశాను.

[తెర మీద: నెమ్మదిగా తాత దుస్తుల దగ్గరికి.]

ఇప్పుడు ఆ కోటు చూడండి. నిండా నక్షత్రాలు. కింద ప్యాంటుకు చారలు. తాత ఒంటికి చుట్టుకున్నది అమెరికా జెండా! అప్పటికి అక్కడ ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. అంటే ఈయన అందరి తాత కాడు, ఉత్తరాది సేన తాత.

[తెర మీద: చేతులు. ఇక్కడ ఆగాలి.]

ఇక చేతులు. కాళ్లూ చేతులూ ఆడించే చిన్న కీలుబొమ్మ ఒకటి పట్టుకున్నాడు. తాడు ఎక్కడ కట్టి ఉందో చూడండి. మెడకు! ఆ బొమ్మ జెఫర్సన్ డేవిస్. దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల అధ్యక్షుడు. పిల్లలకు బొమ్మలు పంచే ముసలాయన, శత్రు నాయకుడికి ఉరి బిగించి సైనికులకు వినోదం చూపిస్తున్నాడన్నమాట.

గీసినవాడు థామస్ నాస్ట్. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే న్యూయార్క్ చేరాడు. ఈ బొమ్మ వచ్చేనాటికి వయసు 22. అంతకు మూడు వారాల ముందే ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఉత్తరాది సేన ఘోరంగా ఓడింది. ఆ పండగకు వాళ్లకు నవ్వు అవసరమైంది, కసి తీరడమూ అవసరమైంది. రెండూ ఆ కీలుబొమ్మలో ఉన్నాయి.

[తెర మీద: ముందు వరుసలోని కుర్రాడు.]

తాతను వదిలేసి ఇటు రండి. పెట్టె మూత తీయగానే లోపలి స్ప్రింగు బొమ్మ పైకి లేచింది, కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. వీడు సైన్యంలో డప్పు వాయించేవాడు. ఫిరంగులు పేలే చోట ఉండి బొమ్మకు జడుసుకున్నాడు! నాకైతే మొత్తం చిత్రంలో ఉరి కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

[తెర మీద: నీడ పడిన ఒక చిన్న ముక్క, బాగా పెద్దది చేసి.]

ఇంత దగ్గరగా చూస్తే బొమ్మ మాయమై గీతలే మిగులుతాయి. గీతల మీద అడ్డగీతలు, మధ్యలో చిన్న చిన్న తెల్లని గళ్లు. ఇది కలంతో గీసింది కాదు, చెక్క మీద చెక్కింది. సిరా అంటాల్సిన గీత ఎత్తుగా మిగలాలి, మిగతాదంతా ఉలితో తీసేయాలి. కలంతో అయితే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి లాగితే సరిపోతుంది. చెక్కేవాడు మాత్రం వాటి మధ్య ఉన్న ఒక్కొక్క తెల్లని గడినీ విడిగా తవ్వాలి. ఆ నీడలో ఎన్ని గళ్లున్నాయో లెక్కపెట్టండి, నేను మధ్యలోనే వదిలేశాను.

పైగా బొమ్మను చెక్క మీద తలకిందులుగా కాదు గానీ, అద్దంలోలా కుడి ఎడమలు మార్చి గీయాలి. దీనికి వాడే బాక్స్‌వుడ్ చెట్టు సన్నగా ఉంటుంది కాబట్టి పెద్ద పలక దొరకదు. చిన్న దిమ్మెలను బోల్టులతో బిగించి దాని మీద గీసేవారు, తర్వాత విడదీసి తలా ఒకటి చెక్కేవారు, మళ్లీ బిగించేవారు. వారపత్రిక కదా, ఒక్కడే చెక్కుతూ కూర్చుంటే పండగ వెళ్లిపోతుంది. కొన్ని పాత ప్రతుల్లో ఆ అతుకు సన్నని తెల్లగీతగా ఇప్పటికీ కనిపిస్తుంది.

[తెర మీద: 1881 జనవరి 1 నాటి చిత్రం, కొద్దిసేపు.]

బొద్దుగా, చేతుల నిండా బొమ్మలతో ఉన్న ఈ తాత కూడా నాస్ట్ గీసినవాడే. ఇదే ఎక్కువమందికి తెలుసు. నడుముకు కత్తి, చేతిలో గడియారం. సైనికుల జీతాల విషయంలో తాత్సారం చేస్తున్న సెనేట్‌కు ఇది చురక అని కొందరు చరిత్రకారులు చెబుతారు. బాగుంది, కానీ మళ్లీ 1863 సంచికకే వెళదాం, లోపలి పేజీలు మిగిలిపోయాయి.

[తెర మీద: అదే సంచికలోని రెండు పేజీల చిత్రం.]

ఎడమవైపు వలయంలో ఒక ఇల్లాలు కిటికీ దగ్గర మోకరిల్లి ప్రార్థిస్తోంది. వెనక మంచం మీద పిల్లలు నిద్రపోతున్నారు. కుడివైపు వలయంలో ఆమె భర్త, నెగడు పక్కన ఒంటరిగా కూర్చుని ఇంటివాళ్ల ఫోటో చూసుకుంటున్నాడు. పత్రిక మడత ఈ రెండు వలయాల మధ్యగా పోతుంది.

పై మూలల్లో తాత ఉన్నాడు. ఒకచోట పొగగొట్టంలోకి దిగబోతున్నాడు, ఇంకోచోట బండి మీద నుంచి సైనికుల శిబిరంలోకి బహుమతులు విసురుతున్నాడు. ఎంత చిన్నగా గీశాడో చూడండి, గోరంత.

[తెర మీద: చిత్రం అడుగు భాగానికి నెమ్మదిగా జారాలి. సంగీతం వద్దు.]

ఇక్కడ, అట్టడుగున, కొన్ని సమాధులు.