దిగేటప్పుడే తెలుస్తుంది తొడ సంగతి

శ్రోతలకు నమస్కారం.

మన డెల్టాలో కొండలు లేవు. ఎక్కి దిగాలంటే కాలవ గట్టు, రేవు మెట్లు, దింపు తీసేవాళ్లకైతే కొబ్బరిచెట్టు. అయినా మోకాలి నొప్పితో నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు తరచూ ఇదే చెబుతారు: "ఎక్కడం ఎలాగో ఎక్కేత్తన్నానండి, దిగేటప్పుడే కాలు నిలబడట్లేదు." నేను మోకాలితో పాటు తొడ కూడా చూస్తాను. చాలాసార్లు ఒక తొడ రెండో దానికంటే సన్నబడి ఉంటుంది.

పౌరుషం వస్తే మనవాళ్లు చరిచేది తొడ ముందు కండరాన్నే. దాని పేరు క్వాడ్రిసెప్స్, లాటిన్‌లో నాలుగు తలలది అని. మూడు తలలు తొడ ఎముక మీదే పుడతాయి. నాలుగోది ఇంకా పైన, కటి ఎముక దగ్గర బయల్దేరుతుంది, అందుకే తొడను పైకెత్తడానికీ సాయం పడుతుంది. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది కదా, ఇది తిరగేసిన గోదావరి. నాలుగు పాయలూ కిందికొచ్చి ఒక్కటై మోకాటి చిప్పను పట్టుకుని, అక్కణ్నుంచి ముంగాలి ఎముకకు అతుక్కుంటాయి.

చిప్ప నూతి గిలక లాంటిది. అది లేకపోతే కాలు చాచడానికి కండరం ఇంకా బలం పెట్టాలి. డాక్టరు చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగరడం కూడా ఈ కండరం పనే. 1875లో ఇద్దరు జర్మన్ వైద్యులు, ఎర్బ్, వెస్ట్‌ఫాల్, ఎవరికి వారుగా దాని గురించి రాశారు.

ఇక దిగడం. చేదను నూతిలోకి దించేటప్పుడు తాడు ఒక్కసారి వదిలేయం, పట్టి పట్టి జారుస్తాం. మెట్టు దిగేటప్పుడు వెనక కాలి తొడ చేసేది అదే. సాగుతూనే బరువు మోస్తుంది. మోకాలు వాచి నొప్పెడితే నరాలు ఈ కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వవు. నొప్పని మంచం దిగకపోతే అది ఇంకా సన్నబడుతుంది.

కాళ్లు చాపుకుని మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, మోకాలితో దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు చాలు. వాపు, ఎరుపు, జ్వరం ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. గట్టు దిగేటప్పుడు మాత్రం నొప్పి కాలే ముందు వేయండి. మంచి కాలు వెనక ఉండి తాడు పట్టుకుంటుంది.