హాస్టల్ కంటే ముందు రిజిస్టరు

(ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలు, సండే స్కూల్ టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, సండే స్కూల్ టీచర్లకు వందనాలు.

పేద పిల్లలకు సంఘం ఏం చేయాలి అనగానే మన నోట మొదట వచ్చే మాట హాస్టల్. ఆ అలవాటుకు కారణం ఉంది. 1882లో జర్మనీ నుంచి బ్రెక్లుం మిషన్ వాళ్లు జయపురం సీమలో (ఇప్పటి కోరాపుట్ ప్రాంతం) అడుగుపెట్టేనాటికి కొండ ఊళ్లలో బడి అన్నదే అరుదు. చదవాలంటే ఇల్లు వదిలి మిషన్ బోర్డింగులో చేరాల్సిందే. ఇప్పుడు చాలా ఊళ్లకు నడిచి వెళ్లే దూరంలో బడి ఉంది, అంగన్‌వాడీ ఉంది. నాలుగు రోజులు వరసగా బడికి రాని పిల్లవాడి ఇంటికెళ్లి, ఎందుకు రాలేదని అడిగే మనిషే కరువు. ఆ మనుషులు మన దగ్గరున్నారు. ప్రతి ఆదివారం పిల్లలు మన కళ్ల ముందే కూర్చుంటారు. కాబట్టి కొత్త భవనానికి చందా పుస్తకాలు అచ్చు వేయించే ముందు ఒక లావుపాటి రిజిస్టరు కొనండి.

బిడ్డకొక పేజీ. పైన నాలుగు గడులు గీయండి: ఇంట్లో పిలిచే పేరు, బాప్తిస్మం పేరు, ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు. స్కాలర్‌షిప్పు చిక్కుపడేది ఇక్కడే. ఇంట్లో సుక్ర, బాప్తిస్మంలో సమూయేలు, ఆధార్‌లో శామ్యూల్, బడిలో ఒడియా మాస్టారు విన్నట్టు రాసుకున్న ఇంకో రూపం. పైగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్లు చివర రాస్తారు. కంప్యూటరుకు వీళ్లంతా వేరువేరు మనుషులు. బ్యాంకులో డబ్బు పడదు, ఎందుకు పడలేదో ఎవరూ చెప్పరు. పేర్లు పెట్టేటప్పుడు మనకుండే హుషారు కాగితం దగ్గర ఉండదు.

అందుకని పేరు మొదటే స్థిరపరచుకోండి. పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం. పేరు ఇంకా పెట్టలేదని ఆగొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. బాప్తిస్మంలో పెట్టదలచిన పేరేదో అక్కడే రాయించండి. అసలు నమోదే చేయించకుండా ఏడాది దాటిపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దానికి బాప్తిస్మం రిజిస్టర్ నకలు జతపరచవచ్చు గానీ అదొక్కటే చాలదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే, ఇది మరిచిపోవద్దు. అయితే కాగితం లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకపోవడం విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్‌కు విరుద్ధం. ముందు చేర్పించండి, కాగితం తర్వాత తెద్దురు. ఆధార్‌లో 5 ఏళ్లకు ఒకసారి, 15 ఏళ్లకు ఒకసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. బడి రిజిస్టర్‌లో తప్పుంటే పదో తరగతి సర్టిఫికెట్ దాకా రానివ్వొద్దు. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యేలోపే దిద్దించండి.

కులపత్రం సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. సవర, కోంధు పిల్లలు క్రైస్తవులైనా ఎస్టీ హోదా పోదు. పోతుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మొద్దు. ఎస్సీల సంగతి వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవారికి ఆ హోదా ఉండదు, దానితోపాటు స్కాలర్‌షిప్పూ పోతుంది. కాబట్టి సంఘం కానుకల మీద మొదటి హక్కు ఆ పిల్లలది. ఫీజు, నోటు పుస్తకాలు, బస్సు ఛార్జీ ముందు వాళ్లకివ్వండి.

తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతున్న ఇళ్ల పేజీ మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అలాంటి బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం, ఆదాయపత్రం, బిడ్డ పేరున బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోవాలి. ఆ తల్లి కూలి మానుకుని ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరగలేదు. చదువొచ్చిన యువకుణ్ని ఒకణ్ని తోడు పంపడమే సంఘం చేయగల సాయం. నాలుగు నెలల సరుకుల కిట్ల కంటే ఆ తోడు ఎక్కువ పని చేస్తుంది.

చిన్న పిల్లలకు ఒంట్లో పోషణ ఎలా ఉందో చూసే కొలత టేపు. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు వాళ్లకే ఇది. ఎడమ చేయి, భుజానికి మోచేతికి సరిగ్గా మధ్యన చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే తీవ్రమైన లోపపోషణ. స్వెట్టరు మీద నుంచి చుట్టినా, వదులుగా వదిలినా ఎక్కువ చూపిస్తుంది. బిగించి లాగితే తక్కువ చూపిస్తుంది. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కితే గుంట అలాగే నిలిచిపోయిందా, టేపు ఏం చెప్పినా సరే, ఆశా కార్యకర్తకు అప్పగించాల్సిందే. బలం పొడి డబ్బా కొనిచ్చి ఊరుకోవద్దు. పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాక చాలామంది తల్లులు మధ్యలోనే వచ్చేస్తారు, ఇంట్లో మిగతా పిల్లలకు వండేవాళ్లు లేక. తల్లి కేంద్రంలో ఉండే రెండు వారాలూ ఆ పిల్లలకు అన్నం పెట్టే ఇల్లు ఏదో స్త్రీల సమాజం ముందే నిర్ణయించాలి.

కోతలయ్యాక ఇటుక బట్టీలకు వెళ్లే ఇళ్లు ఉన్నాయి. తల్లిదండ్రులు వెళితే పిల్లలు వెంట వెళతారు, వానలు పడ్డాకే తిరుగుముఖం. ఏడాదిలో సగం చదువు పోయినట్టే. నాన్నమ్మ దగ్గర ఆగిన పిల్లలకు రాత్రి అన్నం దొరికితే వాళ్లు ఊళ్లో నిలబడతారు. పిడికెడు బియ్యం లెక్క చూడండి. పిడికెడు సుమారు 50 గ్రాములు. 40 ఇళ్లు రోజూ తీసిపెడితే రోజుకు 2 కిలోలు. పిల్లవాడికి పూటకు 150 గ్రాముల చొప్పున 13 మందికి సరిపోతుంది. పప్పు, నూనె, కట్టెలు దీనిలో లేవు, వాటికి వేరే కానుక కావాలి. ఇది సాధారణంగా ఎక్కడ చెడుతుందంటే, బియ్యం వారానికోసారి తూచి బోర్డు మీద రాయకపోవడం వల్ల. రెండు నెలలకే ఎవరికో అనుమానం మొదలవుతుంది. బాప్తిస్మం తీసుకోని ఇళ్ల పిల్లలూ అదే చాప మీద కూర్చోవాలి, ప్రార్థనకు వస్తేనే అన్నం అనే షరతు పెట్టకూడదు. ఈ రాష్ట్రంలో ఆశ చూపి మతం మార్చడాన్ని నిషేధించే 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది, అదీ ఒక కారణం. చట్టం లేకపోయినా అది పద్ధతి కాదు.

విదేశీ స్పాన్సర్‌షిప్ పనికిరాదని నేననడం లేదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా క్రైస్తవ సంస్థ పిల్లల స్పాన్సర్‌షిప్ పథకాన్ని ఇండియాతో సహా ఆరు దేశాల్లో పరిశీలించి ఆర్థికవేత్త బ్రూస్ వైడిక్ బృందం 2013లో ఫలితాలు ప్రచురించింది. సాయం అందిన పిల్లలు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర సంవత్సరం ఎక్కువ చదివారు. కానీ 2017 మార్చిలో ఆ సంస్థ ఇండియాలో పని ఆపేయాల్సి వచ్చింది. లక్షకు పైగా పిల్లలకు ఒక్కసారిగా ఆ సాయం ఆగింది. బయటి డబ్బు వస్తే నోటు పుస్తకాలకు వాడండి. పిల్లవాడి రాత్రి అన్నం మాత్రం దాని మీద ఆనించొద్దు.

ఇప్పటికే పిల్లల హోమ్ నడుపుతున్న సంఘాలు ఇక్కడున్నాయి. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పదు. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తల్లి బతికుండగా దరఖాస్తులో అనాథ అని రాయడం మానేయండి. ఈ నెలలోనే మీ హోమ్ పిల్లల జాబితా రాసి, ఎవరికి తల్లి ఉంది, ఎవరికి అమ్మమ్మ ఉంది, ఊరి నుంచి బడి ఎంత దూరం అని ఎదురుగా వేయండి. ఇంటికి వెళ్లగలిగిన బిడ్డను మీ అంతట మీరు బస్సెక్కించొద్దు, జాబితాతో బాలల సంక్షేమ కమిటీ దగ్గరకు వెళ్లండి. కమిటీ పంపిస్తే, హోమ్‌లో ఆ బిడ్డకయ్యే నెల ఖర్చును బిడ్డ చదువు ముగిసేదాకా ఆ ఇంటికే పంపండి.