పరీక్షకు ఒక ముఖం, రోడ్డుకు ఒక ముఖం: పాత డీజిల్ వెంటో రివ్యూ

నమస్కారం. ఈరోజు రివ్యూకు వచ్చిన బండి 2013 నాటి ఫోక్స్‌వ్యాగన్ వెంటో, 1.6 లీటర్ల డీజిల్. విజయనగరంలోనే అమ్మకానికి ఉంది. కొనాలనుకుంటున్న మన వీక్షకుడు ఒకరు "అన్నా, తీసుకోవచ్చా, వద్దా? తేల్చి చెప్పండి" అని అడిగారు. తేల్చే చెబుతాను. కానీ ఈ బానెట్ కింద ఉన్నది ఈఏ189 కుటుంబానికి చెందిన ఇంజిన్. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ పది లక్షల బండ్లలో, పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్‌తో బయటికి వచ్చింది ఈ కుటుంబమే. ఆ సంగతి దాటవేసి, సీట్లు మెత్తగా ఉన్నాయి, ఏసీ చల్లగా ఉంది అని చెప్పి వీడియో ముగించడం నావల్ల కాదు.

ముందు బండి. గంటస్తంభం చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో క్లచ్ కాస్త బరువుగా తోస్తుంది. 1500 ఆర్‌పీఎం దాటేదాకా బద్ధకంగా ఉంటుంది, దాటగానే టర్బో అందుకుంటుంది. 105 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. గజపతినగరం, రామభద్రపురం మీదుగా, లారీల ఊరుగా పేరున్న సాలూరు చేరి ఘాట్ ఎక్కించాను. సుంకి వైపు మలుపుల్లో ముందున్న లారీని దాటడానికి గేరు తగ్గించే పని కూడా పడలేదు. తలుపు వేస్తే వచ్చే చప్పుడులోనే గట్టితనం తెలుస్తుంది. నడపడానికి మంచి బండి, అందులో సందేహం లేదు.

ఈ లాగుడూ ఈ మైలేజీ ఊరికే రావు. ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేస్తారు. మంట వేడి పెరిగేకొద్దీ ఇంధనం పొదుపుగా కాలుతుంది. అదే వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఇవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లను మరీ ఇబ్బంది పెడతాయి. ఎండలో ఓజోన్‌గా, ఇంకా సన్నని ధూళి కణాలుగా కూడా మారతాయి. నల్లపొగలా కంటికి కనిపించవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, ఈ వాల్వు చూడండి. మెకానిక్కులు ఈజీఆర్ అంటారు. విప్పితే లోపల మసి మందంగా పేరుకుని ఉంటుంది. పొగగొట్టం దారి పట్టిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి మళ్లీ ఇంజిన్‌లోకి పంపి, మంట వేడిని తగ్గించడం దీని పని. ఇది ఎక్కువగా తెరుచుకుంటే మసి పెరుగుతుంది, బండి మందగిస్తుంది. తక్కువగా తెరుచుకుంటే బండి హుషారుగా ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఎప్పుడు ఎంత తెరవాలో ఇంజిన్ కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ కంప్యూటర్‌కు ఏమి నేర్పాలో మాత్రం మనుషులు కూర్చుని నిర్ణయిస్తారు.

కొత్త మోడల్‌కు అనుమతి ఇచ్చేముందు దాన్ని రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. ఎన్నో సెకనులో ఎంత వేగం ఉండాలో ముందే రాసిపెట్టిన పట్టిక ఉంటుంది. ఐరోపాలో అప్పటి పరీక్ష మొత్తం ఇరవై నిమిషాలు. ఆ సేపంతా ఎవరూ స్టీరింగ్ తిప్పరు. ఫోక్స్‌వ్యాగన్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా దీన్నే కనిపెట్టేది. స్టీరింగ్ కదలడం లేదు, వేగం పట్టిక ప్రకారమే మారుతోంది, ఇంజిన్ ఇంతసేపటి నుంచి నడుస్తోంది, గాలి పీడనం ఇంత ఉంది అని లెక్క చూసుకుని, పరీక్ష జరుగుతోందని తేల్చుకుని, కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించేది. రోడ్డెక్కగానే సడలించేది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజే పాఠం చెప్పే మాస్టారు ఎలాంటివాడో ఈ సాఫ్ట్‌వేర్ అలాంటిది.

బయటపడిన తీరు వినవలసినది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని ఒక చిన్న బృందం 2013లో మూడు డీజిల్ కార్లను తీసుకుంది. ఆ బృందంలో భారతదేశం నుంచి వెళ్లిన అరవింద్ తిరువెంగడం కూడా ఉన్నారు. ఎవరినో పట్టుకోవాలని వాళ్లు బయలుదేరలేదు. కొలిచే పరికరాలను కారులోకి ఎక్కించి, పొగగొట్టానికి గొట్టాలు బిగించి, మామూలు రోడ్ల మీద నడిపారు. ఒక కారునైతే లాస్ ఏంజెలెస్ నుంచి సియాటెల్ దాకా తీసుకెళ్లారు. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, అనుమతించిన పరిమితికి 15 నుంచి 35 రెట్లు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలింది. అదే కంపెనీ పసాట్ 5 నుంచి 20 రెట్లు వదిలింది. మూడోది బీఎండబ్ల్యూ, అది దాదాపుగా పరిమితిలోనే నడిచింది. నాకు ముఖ్యం ఈ మూడో కారు. డీజిల్‌ను శుభ్రంగా నడపడం అసాధ్యమైతే అందరూ విఫలం కావాలి కదా. సాధ్యమేనని పక్క కారు నిరూపించింది.

2014 మేలో ఫలితాలు వచ్చాయి. కంపెనీ ఏడాదికి పైగా సాంకేతిక లోపాలంటూ సాకులు చెప్పింది, ఆ మధ్యలో బండ్లను వెనక్కి పిలిచి సరిచేశామని కూడా అంది. కాలిఫోర్నియా అధికారులు మళ్లీ కొలిచారు, తేడా పోలేదు. చివరికి 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చి విషయం బయటపెట్టింది. అయిదు రోజుల్లో కంపెనీ అధినేత మార్టిన్ వింటర్‌కార్న్ రాజీనామా చేశారు.

ఆ అక్టోబరులో కంపెనీ అమెరికా విభాగం అధిపతి మైకేల్ హార్న్ అక్కడి చట్టసభ కమిటీ ముందుకు వచ్చి, ఇది కంపెనీ నిర్ణయం కాదు, ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చేసిన పని అన్నారు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి, ఇన్ని మోడళ్లలో, ఇన్ని దేశాల్లో అమ్మిన బండ్ల సంగతి ఒకరిద్దరి చేతిపని అంటే ఎవరు నమ్ముతారు? 2017లో కంపెనీయే అమెరికా కోర్టులో నేరం ఒప్పుకొని 280 కోట్ల డాలర్ల క్రిమినల్ జరిమానా కట్టింది. జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు 40 నెలలు, ఆలివర్ ష్మిట్ అనే మేనేజరుకు ఏడేళ్లు శిక్ష పడ్డాయి. 2025 మేలో జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ కోర్టు మరో నలుగురు మాజీ ఉద్యోగులను దోషులుగా తేల్చి, ఇద్దరికి జైలుశిక్ష వేసింది. తన తప్పు లేదంటున్న వింటర్‌కార్న్‌పై విచారణ 2024 సెప్టెంబరులో మొదలై, ఆయన అనారోగ్యంతో ఆగింది. పదేళ్ల తర్వాత కూడా పై అంతస్తులో ఎవరికి ఏమి తెలుసన్నది కోర్టులో తేలలేదు.

సరే, అది వాళ్ల దేశం. మన దగ్గర?

   

2015 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కలిపి మన దేశంలో 3,23,700 బండ్లకు సాఫ్ట్‌వేర్ మారుస్తామని ప్రకటించారు. రోడ్డు మీద కొలిచిన ఏఆర్‌ఏఐ, అంటే మన దేశంలో బండ్లను పరీక్షించే సంస్థ, అప్పటి మన కాలుష్య ప్రమాణమైన బీఎస్-4 పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్లు వస్తోందని చెప్పింది. మేము భారతదేశ నియమాలు దాటలేదు, ఇది స్వచ్ఛందంగా చేస్తున్న మార్పు అని కంపెనీ వాదించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది. ఆ మేలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అమెరికాలో ఇదే మోసానికి కారు యజమానులకు కారు వెనక్కి కొనడమో, వేల డాలర్ల పరిహారమో దక్కింది. ఇక్కడి యజమానికి దక్కింది ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కటే. నియమం బలహీనంగా ఉన్నచోట మనిషి ఊపిరికి విలువ తగ్గిపోతుందా? నాకు ఇది మింగుడుపడదు.

మన దగ్గర ఇదే మొదటిదని కూడా అనుకోకండి. షెవర్లే టవేరా గుర్తుందా? అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం యాత్రలకు, పెళ్లిళ్లకు ఊరి జనాన్ని చేరవేసిన బండి. 2013 జులైలో, అంటే ఫోక్స్‌వ్యాగన్ గుట్టు రట్టు కావడానికి రెండేళ్ల ముందే, జనరల్ మోటార్స్ ఇండియా 1,14,000 టవేరాలను వెనక్కి పిలిచింది. తనిఖీకి ఇచ్చే బండ్లలో, పాసవుతాయని ముందే తెలిసిన ఇంజిన్లను ఏరి పెట్టేవాళ్లు. ఏ చిప్పూ లేదు, ఏ కోడూ లేదు. రోడ్డు మీదికి ఒక ఇంజిన్, అధికారి ముందుకు ఇంకో ఇంజిన్. ప్రభుత్వం వేసిన కమిటీ దీన్ని కార్పొరేట్ మోసమని తేల్చింది. కంపెనీ కొందరు ఉద్యోగులను తొలగించింది. 2017తో మన దేశంలో అమ్మకాలే ఆపేసి వెళ్లిపోయింది.

నాకు కోపం వచ్చేది ఆ తర్వాతి కాలం మీద. కంపెనీ తెచ్చి చూపించిన బండిని గదిలో పరీక్షిస్తే సరిపోదని 2013లోనే మనకు అర్థమైంది. కార్లను అసలు రోడ్ల మీద నడిపి కొలిచే నిబంధన, బీఎస్-6 రెండో దశతో 2023 ఏప్రిల్‌లో వచ్చింది. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లలో అమ్ముడైన డీజిల్ బండ్లు ఇప్పుడు మన సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఉన్నాయి. ఈ వెంటో వాటిలో ఒకటి.

ఇప్పుడు ఈ కాగితం చూడండి. ఘాట్ దిగి వచ్చాక, పెట్రోల్ బంకు పక్కన ఆగి ఉన్న పొల్యూషన్ వ్యాన్ దగ్గర ఈ బండిని పరీక్ష చేయించాను. అబ్బాయి పొగగొట్టంలో గొట్టం పెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కమన్నాడు. నాలుగైదు సార్లు తొక్కాక ప్రింటు వచ్చింది. ఇంజిన్ వేగం, ఆయిల్ వేడి, పొగ చిక్కదనం. అంతే. "ఇందులో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కడున్నాయి తమ్ముడూ?" అని అడిగాను. "డీజిల్ బండికి పొగ చిక్కదనం ఒక్కటే చూస్తామండి. మీరు అడిగేది ఈ మిషన్‌లో రాదు" అన్నాడు. మరి ఈజీఆర్ మూసేసిన బండి పాసవుతుందా అంటే, "ఇంకా సులువుగా పాసవుతుందండి, మసి తగ్గుతుంది కదా" అన్నాడు.

ఆ అబ్బాయి ఉన్నమాట చెప్పాడు. ఏ విషవాయువు కోసం ప్రపంచమంతా ఇంత రభస జరిగిందో, దాన్ని కొలిచే గడి ఈ కాగితంలో లేదు. ఎక్కువ విషం వదిలే బండి ఇక్కడ ఎక్కువ మార్కులతో పాసవుతుంది. కేంద్రం చేపట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి. అందులో శ్రీకాకుళం ఉంది, విజయనగరం ఉంది. ఆ జాబితాకు ముఖ్య కారణం ధూళి కణాలే. ఆ కణాల్లో కొన్ని ఈ కనిపించని వాయువు నుంచే పుడతాయని ఇందాకే చెప్పాను. పగలంతా ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, మయూరి జంక్షన్‌లోనో నిలబడే ట్రాఫిక్ పోలీసు, బండి మీద పళ్లు అమ్మే అమ్మ కారు కొనలేదు, మైలేజీ అనుభవించలేదు. వాళ్లకు ఏ కోర్టులోనూ పరిహారం రాలేదు.

అందుకే జరిమానా ఎన్ని కోట్లు అన్న లెక్కతో నాకు తృప్తి లేదు. జరిమానా కంపెనీ ఖాతాలోంచి పోతుంది, అంటే వాటాదారు డబ్బు, రేపటి కొనుగోలుదారు డబ్బు. కొత్త మోడల్ అనుమతి కాగితం మీద ఇంజిన్ విభాగం అధిపతి, కంపెనీ అధినేత పేర్లతో సహా సంతకం చేయాలి. ఈ బండి రోడ్డు మీద కూడా ఇలాగే నడుస్తుందని రాసి మరీ చేయాలి. తప్పని తేలితే ఆ సంతకమే సాక్ష్యం కావాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, పర్యావరణానికి హాని చేసే లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రం తీసుకుంది. ఆ అధికారాన్ని వాడాలంటే, అమ్ముడైన బండ్లను షోరూమ్ నుంచి కాకుండా వీధుల్లోంచి తీసుకుని మళ్లీ మళ్లీ కొలవాలి. వెస్ట్ వర్జీనియా బృందం చేసింది అదే. ఒక చిన్న విశ్వవిద్యాలయ బృందానికి సాధ్యమైనది ఇంత ప్రభుత్వానికి సాధ్యం కాదా?

ఇక అడిగిన వీక్షకుడికి జవాబు. బండి బాగుంది, తీసుకోవచ్చు, కానీ మూడు సంగతులు చూసుకున్నాకే. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్ మార్పు ఈ బండికి జరిగిందో లేదో రికార్డులో చూడమనండి. జరగకపోతే ముందు అది చేయించమని అమ్మేవారిని అడగండి. తర్వాత, మీకు నమ్మకమున్న మెకానిక్‌తో ఈజీఆర్ దగ్గర రేకు అడ్డం పెట్టి మూశారేమో చూపించుకోండి. లాగుడు పెరుగుతుందని చాలామంది మూయిస్తారు. కంపెనీ చేసిన తప్పునే మనం ఇంటిదగ్గర చేస్తే, ఇక వాళ్లను నిలదీసే హక్కు మనకెక్కడిది? మూసి ఉంటే తెరిపించి, శుభ్రం చేయించి, అప్పుడు మళ్లీ నడిపి చూడండి. మూడోది, 2013 బండి కాబట్టి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2028లో ముగుస్తుంది. ఆ లెక్క ధరలో కనిపించాలి.

అమ్మేవారు సర్వీస్ రికార్డు చూపించడానికి వెనకాడితే అక్కడే లేచి వచ్చేయండి. ఇంకో బండి దొరుకుతుంది.